దిగేటప్పుడు కర్ర దేనికి

కొండ ఎక్కేటప్పుడు కర్ర కావాలంటే నాకు అర్థమవుతుంది. మోకాళ్ళు లాగుతాయి, ఆయాసం వస్తుంది, కర్ర మీద కాస్త బరువు వేసి ఇంకో నాలుగడుగులు వేస్తాం. మా అత్తగారు సింహాచలం మెట్లు అలాగే ఎక్కింది. కానీ కొండ దిగడానికి, అదీ మంచు మీద జర్రున జారుతూ దిగడానికి, రెండు చేతుల్లో రెండు కర్రలెందుకు? ఆ ఏడు మాఘమాసమంతా మా ఇంట్లో ఈ ప్రశ్న నానుతూనే ఉంది. మా కోడలు ఒకటి చెప్పింది, మా అబ్బాయి ఇంకోటి చెప్పాడు, మా ఆయన మూడోది చెప్పారు. ఎవరికి వారు బాగా తెలిసినట్టే చెప్పారు గనక నాకు మరీ తికమక అయింది.

అప్పుడు మేం పద్మారావు నగర్‌లో ఉండేవాళ్ళం. విమానాలు ఇంకా బేగంపేటలోనే దిగే రోజులు. మా వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు మెడలో బిళ్ళ వేసుకుని కంప్యూటర్ ఉద్యోగానికి వెళ్ళేవారు. మా ఇంట్లో అబ్బాయీ వెళ్ళేవాడు, కోడలూ వెళ్ళేది. మాది విజయనగరం పక్క. మా ఆయన రైల్వే ఉద్యోగం మూలంగా సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. కోడలిది మాత్రం తాతముత్తాతల నుంచీ ఈ ఊరే, పుట్టిల్లు సీతాఫల్‌మండి. నా మాటకి తను నవ్వేది, తన మాటకి నేను నవ్వేదాన్ని.

అంతకు ముందు వానాకాలంలో కోడలు స్కూటర్ మీద నుంచి పడింది. ఎడమ మణికట్టు విరిగితే లోపల ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది, చెయ్యి పనిచేస్తోంది. కానీ ఆ తర్వాత స్కూటర్ ముట్టుకోలేదు. అది మెట్ల కింద దుమ్ము కొట్టుకుని పడి ఉంటే, తను బస్సుకి వెళ్ళేది. రోడ్డు దాటేటప్పుడు కూడా నా చెయ్యి పట్టుకునేది. నా కంటే ముప్ఫై ఏళ్ళు చిన్నది, నా చెయ్యి పట్టుకునేది!

అలాంటి పిల్ల ఒకరోజు కొత్తిమీర ఒలుస్తూ చల్లగా చెప్పింది. "అత్తమ్మా, ఆఫీసోళ్ళు మనాలి తీస్కపోతున్నరు. మంచు మీద జారుడు, స్కీయింగ్ అంటరు, నేర్పిస్తరట. నేను సుత పేరిచ్చిన."

"జారుడేటే? మళ్ళీ పడ్డానికా?"

"పడ్డా సరే. ఒక్కసారి ఈ భయం పోవాలె అత్తమ్మా. ఎన్ని దినాలని గిట్ల?"

వెళ్ళమ్మా అన్నాను.

మా అబ్బాయి ఒప్పుకోలేదు. అదే చెయ్యి మళ్ళీ విరిగితే ఎవరు జవాబుదారీ అన్నాడు. ఎముకల డాక్టరు వెళ్ళొచ్చన్నా, మనాలిలో నేర్పే మాస్టారు ఫోన్లో వేరే చిక్కు చెప్పాడు. అక్కడ అద్దెకిచ్చే కర్రలు ఎక్కువగా పొడుగువాళ్ళ కొలతవట. మా కోడలు పొట్టిది. కర్ర పొడుగైతే చెయ్యి పైకి లేచి మణికట్టు నలిగిపోతుంది, పొట్టిదైతే మనిషి ముందుకు వంగి పడుతుంది, వీలైతే మీ కొలతవి మీరే తెచ్చుకోండి అన్నాడు. దాంతో అబ్బాయి తేల్చేశాడు. "సరిపోయే కర్రలు దొరికితే వెళ్ళు. లేకపోతే టికెట్ కాన్సిల్."

ఇక కర్రల వేట మొదలైంది.

సికింద్రాబాద్‌లో మంచు ఎక్కడిది, మంచుకర్రలు ఎక్కడివి? అయితే కంటోన్మెంట్ ఉన్న ఊరు గనక పాత మిలిటరీ సామాను అమ్మే దుకాణాలు ఉన్నాయి. బూట్లు, జర్కిన్లు, నీళ్ళ సీసాలు, గుడారాలు. మా ఆయన, నేను, కోడలు ముగ్గురం ఒక ఆదివారం వాటిలో ఒకదానికి వెళ్ళాం. లోపల తెల్ల దుప్పటి పరిచిన గద్దె. దాని మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"చెప్పులు బయట ఇడువుండ్రి. లోపలికి రాండ్రి. ఏం కావాలె బిడ్డా?"

"కర్రలు కావాలె. మంచు మీద జారేటందుకు," అంది కోడలు.

"సదునుగున్న కాడ నడవనీకా, గుట్ట దిగనీకా?"

నేను ఊరుకోలేకపోయాను. "దిగడానికి కర్రేటి బాబూ? ఎక్కడానికి కదా కావాలి?"

"గట్ల గాదమ్మా. నడవనీకె పొడుగుయి, ఇగో, భుజం దాక. దిగనీకె పొట్టియి."

"అదేటి? దిగేటప్పుడు నేల ఇంకా కిందికి పోతుంది కదా! అప్పుడు పొడుగుది ఉండాలి గానీ పొట్టిది ఎలా అందుతుంది?"

ఆయన నా వంక చూశాడు, చేతిలో ఉన్న కర్ర వంక చూశాడు. "గది నాకు సుత సమజ్ కాలేదమ్మా. నేను అమ్ముత గని ఎన్నడు జారలె," అన్నాడు.

"ఆపడానికి అయి ఉంటుంది. బండికి బ్రేకు లేదూ, అలాగ," అన్నారు మా ఆయన.

"కాదు మామయ్యా, తోసుకోనీకె. పడవకు తెడ్డు లెక్క," అంది కోడలు.

మా అబ్బాయి ఇంట్లో అప్పటికే ఇంటర్నెట్ చూసి, బ్యాలెన్సుకమ్మా అని చెప్పి ఉన్నాడు. బ్రేకు, తెడ్డు, బ్యాలెన్సు. ఈ మూడింటికీ ఒకే కర్ర ఎలా పనికొస్తుందో నాకు తట్టలేదు.

మూలనున్న కట్టలో నుంచి పెద్దాయన జతలు తీసి గద్దె మీద పరిచాడు. పైన పిడి, పిడికి పట్టీ, కొసన ప్లాస్టిక్ చక్రం, ఆ కింద మొన. ఒక జత చేతికి పువ్వులా తేలిగ్గా ఉంది, పొడుగు కూడా సరిగ్గా ఉన్నట్టే ఉంది, కానీ రెండు కర్రలూ నడుమ దగ్గర వంకర తిరిగి ఉన్నాయి.

"ఇవి వంగిపోయాయి బాబూ."

"గవి గట్లనే అచ్చినయమ్మా. రెండూ ఒక్క తీరుగ వంగినయి, సూడు."

"లారీ ఎక్కి ఉంటుంది," అన్నారు మా ఆయన. "రెండూ పక్కపక్కన ఉంటే ఒకేలాగ వంగవూ?" ఆ మాట నిజమే అనిపించి ఆ జత పక్కన పెట్టించేశాం. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

కర్ర కొలిచే పద్ధతి అబ్బాయి చెప్పి పంపాడు. కర్రని తలకిందులు చేసి, పిడి నేలకి ఆనించి, చక్రం కింద పట్టుకోవాలి. అప్పుడు మోచెయ్యి గోడమూలలా మడత పడితే అది మన కొలత. కోడలు గద్దె మీద నిలబడి ఒక్కొక్కటీ పట్టి చూసింది. తిన్నగా ఉన్న వాటిలో ఒక్కటీ సరిపోలేదు. ఒక తేలిక జత బాగుంది గానీ పొడుగు. "ఫికర్ లేదు బిడ్డా," అన్నాడు పెద్దాయన. "వేడినీళ్ళల్ల పెడితె పిడి ఊడొస్తది. గొట్టం కొంచెం కోసి మల్ల తొడుగుండ్రి. అందరు గట్లనే చేస్తరు."

అదే కొనుక్కుని ఇంటికి వచ్చాం.

ఇంటికొచ్చాక ఇంకో గొడవ. అబ్బాయి ఇంటర్నెట్లో నుంచి ఒక కాగితం తెచ్చాడు. మనిషి ఇంత ఎత్తుంటే కర్ర ఇంత ఉండాలని అందులో రాసి ఉంది. కోడలి ఎత్తుకి కాగితం చెప్పే కొలత వేరే, మోచెయ్యి చెప్పే కొలత వేరే. కాగితం కొంచెం పొడుగే చెబుతోంది. చేతికర్ర ఎప్పుడూ తుంటిదాకానే ఉండాలి, ఈ రెండూ తప్పే అని మా ఆయన. కోడలిని గోడకి ఆనించి నిలబెట్టారు, కూర్చోబెట్టారు, మళ్ళీ నిలబెట్టారు. ఎన్నిసార్లు కొలిచినా మోచెయ్యి తన మాటే చెప్పింది, కాగితం తన మాటే చెప్పింది. చివరికి మా ఆయనే అన్నారు. "మోచెయ్యి మన పిల్లది. కాగితం ఎవరిదో. మోచేతి మాటే విందాం."

హాల్లో మొజాయిక్ నేల మీద కోడలు నిటారుగా నిలబడింది. కొయ్యవలసిన చోట నేను నా తిలకంతో గీత పెట్టాను. పిడులు వేడినీళ్ళలో నానబెట్టి ఊడదీశాం. సీతాఫల్‌మండిలో కోడలి పుట్టింటి పక్కన అల్యూమినియం కిటికీలు చేసే ఆయన ఉన్నాడు. ఆయన గీత మీద కోసి పిడులు తొడిగి ఇచ్చాడు. "కొలత మల్లొకసారి సూస్కున్నరా?" అని అడిగి మరీ కోశాడు.

మళ్ళీ హాల్లో నిలబెట్టి చూశాం. మోచెయ్యి అచ్చం గోడమూలలా మడత పడింది. మా అబ్బాయి చుట్టూ తిరిగి చూసి, ఏ వంకా దొరక్క, "సరే" అన్నాడు. కర్రలు హాలు తలుపు వెనక నిలబెట్టాను. టికెట్ నిలబడింది.

తర్వాత బూట్లు వచ్చాయి. కోడలి ఆఫీసులో ఒకాయన కంపెనీ పని మీద చలిదేశంలో ఉండి వచ్చాడు. జారే బద్దలు మనాలిలో ఇస్తారట, వాటికి తగిలించే బూట్లు వాళ్ళావిడవి ఉంటే అరువిచ్చాడు. వాటిని బూట్లని ఎందుకంటారో. రెండు ప్లాస్టిక్ బకెట్లకి కడ్డీలు బిగించినట్టు ఉన్నాయి, ఒక్కోటి రుబ్బురోలు పొత్రమంత బరువు. చెప్పుల స్టాండులో పట్టక గుమ్మం బయట పక్కగా పెట్టాం. మా ఇంట్లో చెప్పన్నది గడప దాటి లోపలికి రాదు. మా అమ్మ ఇంట్లో రాదు, మా అత్తగారింట్లో రాదు, కోడలి పుట్టింట్లోనూ రాదు. అందుచేత ఇదేం ఆలోచించవలసిన సంగతి కూడా కాదు. బూట్లు గడప బయట, కర్రలు గడప లోపల, మధ్యలో తలుపు. ప్రయాణం ముందు రోజు దాకా అలాగే ఉన్నాయి.

ఆ రోజు కోడలు సెలవు పెట్టింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక బూట్లతో నడక అలవాటు చేసుకుంటానని గుమ్మం బయట కూర్చుని తొడుక్కుంది. కడ్డీలు బిగించడానికి ఇద్దరం చెమటోడ్చాం. లేచి నిలబడి, "కర్రలియ్యి అత్తమ్మా," అంది. తలుపు వెనక నుంచి తీసి గడప మీదుగా అందించాను. సరదాకి కర్ర తలకిందులు చేసి పట్టుకుంది.

మోచెయ్యి మడత పడలేదు. చెయ్యి కిందికి వాలిపోయింది.

"ఏటే, ఎదిగిపోయావేటి?" అన్నాను.

తను నవ్వబోయి ఆగిపోయింది. కాళ్ళ వంక చూసుకుంది. "అత్తమ్మా... బూట్లు."

అప్పటికి గానీ మాకు తెలియలేదు. మిలిటరీ దుకాణంలో చెప్పులు విడిచి దుప్పటి మీద కొలిచాం. ఇంట్లో వట్టి కాళ్ళతో మొజాయిక్ మీద కొలిచాం. ఆ కాగితం ఎవరిదో, వాళ్ళ ఇళ్ళల్లో బూట్లతోనే తిరుగుతారేమో, బూటు ఎత్తు కూడా కలిపి రాసుకున్నారు! మా ఆయన గుమ్మంలోకి వచ్చి చూసి, "మరి బూట్లతో కొలవాలని ఎవరూ అనుకోలేదేం?" అన్నారు.

"ఇంట్లో బూట్లెవరు వేసుకుంటారండీ?" అన్నాను.

కోసింది కోసేశాం. కోడలు మెట్టు మీద కూలబడింది. "ఇగ పోను అత్తమ్మా. మీ కొడుకు జెప్పిందే అయితది. పోనీలే," అంది. ఆ "పోనీలే"లో ఎక్కడో కొంచెం హాయి వినపడింది నాకు. పోవలసిన పని తప్పినందుకు హాయి. ఈ పిల్ల ఇక ఎప్పటికీ బస్సుకే వెళుతుందని తోచింది.

"లే," అన్నాను. "ఆ బకెట్లు విప్పి చేత్తో పట్టుకో. అబ్బాయి వచ్చేలోపు తేలుద్దాం."

ఆటో కట్టించుకుని ఇద్దరం సీతాఫల్‌మండి వెళ్ళాం. అల్యూమినియం షాపాయన కర్రలు చూసి తల కొట్టుకున్నాడు. "నేను అడిగిన గద! కోసుడు నా పని, అతికిచ్చుడు గాదు. గీ సన్న గొట్టం అతికిస్తె గాడ పోయినంక ఇరుగుతది."

"ఇంకేం దారి లేదా అన్నా?" అంది కోడలు.

ఆయన కాసేపు గొట్టం లోపలికి చూసి, "లోపట గట్టి కట్టె దిగ్గొట్టి, మీదికెల్లి పిడి ఎక్కిస్తె రెండు వేళ్ళ మందం లేస్తది. గని కట్టె గట్టిగుండాలె, బిర్రుగుండాలె," అన్నాడు. షాపులో ఉన్న చీపురుకర్ర ముక్క పెట్టి చూశాడు. వదులు. కిటికీ చెక్క ముక్క పెట్టాడు. చీలిపోయింది.

నేను ఆ గొట్టం మూతి వేలితో తడిమి చూశాను. ఆ లావు నాకు ఎరికే. ఎక్కడ ఎరికో తెలియలేదు. వేలు పెట్టి తిప్పాను. అరచేతులకి తెలిసింది. నా కవ్వం! మిక్సీ వచ్చాక కూడా నేను మజ్జిగ కవ్వంతోనే చిలికేదాన్ని. మా ఊరి వడ్రంగి చేసిన కొయ్య, ఎన్నేళ్ళయినా పగులు పట్టలేదు. అదే ఆటోలో ఇంటికి పోయి తెచ్చాను.

"గిది చల్ల చిలికే కట్టె గదమ్మా!" అన్నాడాయన.

"అవును బాబూ, కొయ్యి."

"మల్ల అతికియ్యమని అడగొద్దు."

"అడగనులే."

ఆయన కొయ్యబోతుంటే కోడలు అడ్డం పడబోయింది. నేను దాని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. రెండు ముక్కలు కోసి, చిత్రిక పట్టి, బంక రాసి గొట్టాల్లోకి దిగ్గొట్టాడు. పక్క నుంచి మరమేకు బిగించాడు. ఈసారి కోడలు బూట్లు తొడుక్కుని షాపు ముందు రోడ్డు మీద నిలబడింది. ఎండ మండిపోతోంది. పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"ఏందన్నా, షూటింగా?"

"గా అక్క హిమాలయాలకు పోతుందట," అన్నాడు మా ఆటో అతను. తనూ మాతోపాటు దిగి, చొరవగా కోడలి మోచెయ్యి పక్కన వంగి చూస్తున్నాడు. "అన్నా, జెర లేపు పిడి. ఇంక జెర. ఆ, బస్! లాక్ జెయ్!"

పిడి అక్కడ బిగిసింది. మోచెయ్యి మళ్ళీ గోడమూల అయింది.

సాయంత్రం అబ్బాయి వచ్చాక బూట్లతో వరండాలో నిలబెట్టి చూపించాం. సరిగ్గా ఉందన్నాడు. అన్నంలో మజ్జిగ పోసుకుని, "ఇదేంటమ్మా, గడ్డలు గడ్డలుగా ఉంది?" అని మాత్రం అడిగాడు. కోడలు తల పైకెత్తలేదు.

మర్నాడు తను ఢిల్లీ రైలెక్కింది. వెళ్ళిన తర్వాత ఫోన్ వస్తే నేనే ఎత్తాను.

"అత్తమ్మా! మా సార్ కర్రలు గుంజుకున్నడు!"

"ఎవరివి? నీవా? కొలత తప్పిందా?"

"అందరియి. మొదలు కర్రల్లేకుంట నేర్సుకోవాలట. కర్రలుంటె ఊకె పొడుసుకుంట నిలబడతరు, కాళ్ళు పని నేర్సుకోవు అన్నడు."

"మరి నా కవ్వం?"

"మంచుల గుచ్చి పెట్టిండు. అన్నిటితోని."

ఫోన్ పెట్టేశాను. అంత కొలిచి, కోసి, మళ్ళీ పెంచి పంపిస్తే వాటిని గుచ్చి నిలబెట్టారు! అయితే ఆ కర్ర బ్రేకూ కాదు, తెడ్డూ కాదు, బ్యాలెన్సూ కాదు. మరి ఇంకేటి?

తిరిగొచ్చేసరికి కోడలి మొహం నల్లగా మాడింది, ముక్కు మీద పొట్టు లేచింది. నేను ముందు మణికట్టు పట్టుకుని తిప్పి చూశాను. నొప్పి లేదంది. చాలాసార్లు పడ్డానంది. ఆ మాట నవ్వుతూ చెప్పింది. కర్రలు తర్వాత ఇచ్చారట, పిడి కదల్లేదట.

"ఇంకో సంగతి మామయ్యా. మనం దుకాణంల ఒంకర పోయినయని పక్కకు పెట్టలె? ఆడ పోటీలకు దిగేటోళ్ళయి అన్నీ అట్లనే ఉన్నయి. గాలికి అడ్డం రాకుండ ఒంటి పక్కకు ఒదిగేటట్టు కావాల్నని ఒంచుతరట."

మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. లారీ మాట మళ్ళీ ఎత్తలేదు.

బూట్లు మర్నాడు తిరిగిచ్చేయాలి. "ఆగండ్రి, ఎట్ల దిగిన్నో సూపిస్త," అని కోడలు గుమ్మం బయట అవి తొడుక్కుంది. కర్రలు పట్టుకుని వరండాలో వంగబోతే చోటు చాలలేదు, చెప్పుల స్టాండు తగిలింది. నేను పాత దుప్పటి తెచ్చి గడప నుంచి హాలు మధ్య దాకా పరిచాను.

"లోపలికి రా."

"బూట్లతోనా అత్తమ్మా?"

"రా అంటున్నా కదా."

ధన్ ధన్‌మని అడుగులు వేసుకుంటూ వచ్చింది. హాల్లో మోకాళ్ళు వంచి, కర్రలు రెండూ ముందుకు పెట్టి నిలబడింది. కొత్త మనిషిలా ఉంది.

"ఇప్పుడు చెప్పు. ఆగడానికా?"

"కాదు."

"తోసుకోడానికా?"

"కొంచెం. సదునుగున్న కాడ."

"పడకుండానా?"

"పడేటప్పుడు కర్ర ఏం ఆపదు అత్తమ్మా. మలుపు వచ్చినప్పుడు, తిరిగే పక్కకు, గిట్ల తాకియ్యాలె. టక్. గంతె."

"తాకిస్తే ఏటవుతుంది?"

"ఏం కాదు."

"మరెందుకే!"

"తాకినంక ఒళ్ళు దానంతటదే తిరుగుతది. తిరగాల్నా వద్దా అని భయపడుకుంట కూసునేది ఉండదు."

మొన దుప్పటి దాటి మొజాయిక్ మీద పడింది. చిన్న చుక్క పడింది. నాకు మాత్రం అర్థం కాలేదు. తాకితే ఏమీ కాదట, తాకకపోతే తిరగరట. ఇదేం కర్రో!

కోడలు దుప్పటి మీదే కూర్చుని బూట్ల కడ్డీలు విప్పుతూ, తల వంచుకునే అడిగింది. "అత్తమ్మా, స్కూటర్ తాళంచెవి ఏడుంది?"

అది దేవుడి గూట్లో కుంకుమభరిణె వెనక ఉంది. తను పడ్డ రోజున అక్కడ పెట్టాను, అప్పటి నుంచీ ఎవరూ అడగలేదు. తీసి ఇచ్చాను. కర్రలు నా చేతిలో పెట్టి చెప్పులేసుకుని మెట్లు దిగింది. దుమ్ము దులిపిన చప్పుడు. కిక్కు కొట్టింది, ఇంకోసారి కొట్టింది, చాలాసార్లు కొట్టింది. మా ఆయన పేపరు దించి వింటున్నారు. చివరికి బండి అందుకుంది. వీధి చివరిదాకా ఆ చప్పుడు వెళ్ళింది. మలుపు దగ్గర హారన్ ఒక్కసారి, పొట్టిగా, కొట్టింది. తిరిగింది.

నేను కర్రలు రెండూ పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. మంచుకొండకీ మెట్ల కింది స్కూటర్‌కీ ఏం సంబంధమో నాకు అంతుపట్టలేదు. ఒక కర్ర తలకిందులు చేసి, పిడి నేలకి ఆనించి, చక్రం కింద పట్టుకుని చూశాను. వట్టి కాళ్ళతో అది నాకు పొడుగే.